బెంగళూరులో పైఫ్లాట్ వాళ్లతో మాట్లాడబోయే ముందు

పైనుంచి చప్పుడు వస్తోందన్న కోపంలో "ఖాళీ చేసేస్తాం" అని ఓనర్‌కు మెసేజ్ పెట్టకండి. ముందు అగ్రిమెంట్‌లో లాకిన్ (ఖాళీ చేయకూడని కనీస కాలం), నోటీసు గడువు చూసుకోండి, ఇక్కడ అడ్వాన్స్ చిన్న మొత్తం కాదు, అందులో కోత పడితే మళ్లీ చేతికి రాదు.

చప్పుడు నిజంగా పైనుంచేనా? స్లాబు, పిల్లర్ల గుండా పక్కింటి చప్పుడూ నెత్తి మీదే వినిపిస్తుంది. మేం మూడు వారాలు పైవాళ్లను తిట్టుకున్న ఆ గరగర, తీరా చూస్తే పక్క ఫ్లాట్ వాళ్లు మా గోడకు ఆనించి పెట్టిన గ్రైండర్‌ది.

వారం పాటు టైమ్ రాసి పెట్టుకోండి. "ఎప్పుడూ గోలే" అంటే అసోసియేషన్ వాళ్లు పట్టించుకోరు.

రాత్రి తలుపు కొట్టొద్దు, సాయంత్రం వెళ్లండి. లేదంటే "స్వల్ప అడ్జస్ట్ మాడి" (కన్నడలో "కొంచెం సర్దుకోండి") అన్న మాట కూడా వినపడదు.

నివాస ప్రాంతాల్లో రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా చప్పుడుకు హద్దు 45 డెసిబెల్స్. స్పీకర్లు మోగితే పోలీసులకు 112కి ఫోన్ చేయండి, పిల్లల పరుగులకు మాత్రం వద్దు.