చెవి, ముక్కు, గొంతు సమస్యల మీద వచ్చే రీసెర్చ్ పేపర్లు చదవడం ఎలా

చెవిలో హోరుకో, ఎంతకీ వదలని సైనస్‌కో కొత్త చికిత్స వచ్చిందని వార్త కనబడితే ఆ బాధ పడుతున్నవాళ్ళకి ప్రాణం లేచొస్తుంది. వార్త దగ్గరే ఆగిపోకండి, దాని వెనకున్న అసలు పేపర్ తెరవండి. వైద్య పరిశోధనల పేపర్లన్నీ వెతుక్కునే పబ్‌మెడ్ అనే వెబ్‌సైట్‌లో చూస్తే సారాంశం ఉచితంగానే దొరుకుతుంది, కొన్నిటికి పూర్తి పేపర్ కూడా దొరుకుతుంది. దానికి డాక్టరీ చదివి ఉండక్కర్లేదు, ఏం చూడాలో తెలిస్తే చాలు.

అన్నిటికన్నా ముందు, ఎవరి మీద చేశారో చూడండి. ఎలుకల మీద చేసిందైతే పక్కన పెట్టేయండి, మీకు ఇప్పట్లో పనికొచ్చేది కాదు. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే రోమకణాలు పక్షులకి దెబ్బతిన్నా మళ్ళీ మొలుస్తాయని 1980ల చివర్లోనే తేలింది. మనకి మాత్రం పోతే పోయినట్టే, అందుకే వాటిని మనిషి చెవిలో మొలిపించాలని ఎంతోమంది ప్రయత్నిస్తున్నారు. ఎఫ్ఎక్స్-322 అనే మందు కథ అదే. కొద్దిమంది మీద చేసిన తొలి పరీక్షలో కొందరికి మాటలు మునుపటికన్నా స్పష్టంగా అర్థమయ్యాయి, దాంతో ఎక్కడలేని ఆశలు పుట్టుకొచ్చాయి. తర్వాత పెద్ద పరీక్షలు పెడితే డమ్మీ మందు (చూడ్డానికి మందులాగే ఉండి లోపల మందు లేనిది) తీసుకున్నవాళ్ళకీ వీళ్ళకీ తేడా కనబడలేదు, 2023లో కంపెనీ ఆ మందుని వదిలేసింది.

అలాగని చిన్న పరీక్షలన్నీ దండగ అని కాదు. ఓటీఓఎఫ్ అనే జన్యువులో లోపం వల్ల పుట్టుకతో చెవుడు వచ్చిన ఆరుగురు పిల్లలకి చైనాలో జీన్ థెరపీ, అంటే లోపం లేని జన్యువుని చెవిలోకి పంపే చికిత్స, చేస్తే ఐదుగురికి వినికిడి వచ్చిందని 2024లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. ఆరుగురే అయినా నమ్మొచ్చు, ఎందుకంటే ఆ రకం చెవుడు దానంతటది తగ్గేది కాదు. కాకపోతే ఆ జన్యువు లోపం ఉన్నవాళ్ళకి తప్ప మిగతావాళ్ళకి అది పనిచేయదు, వార్తల్లో ఈ ముక్క ఎక్కడో అడుగున ఉంటుంది.

చెవి, ముక్కు, గొంతు జబ్బుల్లో చాలావరకు ఇలా ఉండవు. కొన్నాళ్ళు ముదురుతాయి, కొన్నాళ్ళు వాటంతటవే సర్దుకుంటాయి. మనం డాక్టర్ దగ్గరికి పోయేదీ, ట్రయల్‌లో చేరేదీ బాగా ముదిరినప్పుడే కదా. ఆ తర్వాత ఏం చేసినా, చేయకపోయినా కొంత తగ్గుతుంది. కాబట్టి 'ఇంత శాతం మందికి తగ్గింది' అన్న మాట ఒక్కటే కనబడితే అసలు పట్టించుకోకండి. చికిత్స లేకుండా ఎంతమందికి తగ్గిందో పక్కనే ఉండాలి. లోపలి చెవి వల్ల ఉండుండి కళ్ళు తిరిగే మెనియర్స్ జబ్బుకి డాక్టర్లు మామూలుగా రాసే బీటాహిస్టీన్‌ని జర్మనీలో 221 మంది మీద తొమ్మిది నెలలు పరీక్షించి 2016లో ఫలితాలు వేశారు. తక్కువ డోసు, ఎక్కువ డోసు, డమ్మీ మాత్ర అని మూడు గుంపులు చేస్తే, కళ్ళు తిరిగే ఎటాకులు మూడిట్లోనూ తగ్గాయి, వాటి మధ్య చెప్పుకోదగ్గ తేడా రాలేదు. డమ్మీ గుంపు లేకపోయి ఉంటే? మందు బ్రహ్మాండంగా పనిచేసిందనే రాసుకునేవాళ్ళు. ఇది చదివి వాడుతున్న మాత్రలు మీ అంతట మీరు మానేయకండి, అది డాక్టర్‌తో మాట్లాడాకే.

ఆపరేషన్లూ దీనికి అతీతం కాదు. అదే జబ్బుకి చేసే ఒక ఆపరేషన్ని డెన్మార్క్‌లో ముప్ఫై మంది మీద పరీక్షించారు, సగం మందికి అసలు ఆపరేషన్, మిగతావాళ్ళకి చెవి వెనక ఎముక తొలిచి ఊరుకోవడం. 1981లో వచ్చిన ఆ పేపర్ ప్రకారం రెండు గుంపుల్లోనూ ఎక్కువమంది బాగుపడ్డారు! ఆ లెక్కల మీద తర్వాత చాలా వాదనలే నడిచాయి, అది వేరే సంగతి.

పోలిక గట్టిగా నిలబడితే ఎలా ఉంటుందో చూడాలంటే, తల ఒక పక్కకి తిప్పగానే గిర్రున తిరిగే బీపీపీవీకి చేసే ఎప్లే పద్ధతి చూడండి. తలని ఒక వరసలో తిప్పుతూ లోపలి చెవిలో దారి తప్పిన సన్నటి రేణువుల్ని వాటి చోటుకి చేర్చడమే ఆ చికిత్స. వైద్య పరీక్షల్ని కలిపి సమీక్షించే కాక్రేన్ అనే సంస్థ వాళ్ళు 2014లో ట్రయల్స్ కలిపి చూస్తే, పూర్తిగా తగ్గినవాళ్ళు ఎప్లే చేయని గుంపుల్లో 21 శాతం, చేసిన గుంపుల్లో 56 శాతం. మందు లేదు, కోత లేదు. మీ సమస్య మీద ఇలాంటి కాక్రేన్ సమీక్ష ఉందేమో ముందే వెతుక్కోండి, మామూలు భాషలో రాసిన సారాంశం కూడా ఇస్తారు.

తేడా ఉందని తేలాక, ఎంత తేడా అన్నది చూడాలి. నా మటుకు నేను ముగింపు పేరా కన్నా ముందు టేబుళ్ళే చూస్తాను. సైనస్ పేపర్లలో స్నాట్-22 అనే స్కోరు కనబడుతుంది, 22 ప్రశ్నలు, ఒక్కోదానికి సున్నా నుంచి ఐదు, మొత్తం 110. అందులో సుమారు తొమ్మిది పాయింట్లు తగ్గితే గానీ మనిషికి తేడా తెలియదని అంచనా. మందు వల్ల డమ్మీ కన్నా నాలుగు పాయింట్లే ఎక్కువ తగ్గిందనుకోండి, గణాంకాల ప్రకారం అది 'గణనీయం' (కేవలం యాదృచ్ఛికంగా వచ్చింది కాకపోవచ్చు అని) కావచ్చు, మీ ముక్కుకి మాత్రం ఆ సంగతి తెలియకపోవచ్చు.

కొన్నిసార్లు తేడా నిజమే, దానికి ఒప్పుకోవాలా వద్దా అన్నదే అసలు ప్రశ్న. మాటిమాటికీ గొంతు నొప్పి వచ్చే పెద్దవాళ్ళకి టాన్సిల్స్ తీయడం మీద బ్రిటన్‌లో 453 మందితో చేసిన నాటినా ట్రయల్ 2023లో వచ్చింది. రెండేళ్ళలో గొంతు నొప్పి ఉన్న రోజులు ఆపరేషన్ గుంపులో మధ్యస్థంగా (సగం మందికి అంతకన్నా తక్కువ, సగం మందికి ఎక్కువ) 23, ఆగి చూసిన గుంపులో 30. ఆపరేషన్ అయినవాళ్ళలో ఐదుగురిలో ఒకరికి కాస్త అటూ ఇటూగా రక్తస్రావం అయింది. వారం రోజుల నొప్పి తగ్గడం కోసం మీరు దానికి సిద్ధమా? ఏడాదికి నాలుగైదుసార్లు సెలవు పెట్టాల్సి వచ్చేవాళ్ళ జవాబు వేరుగా ఉంటుంది.

డబ్బు ఎవరు పెట్టారో చివర్లో ఉంటుంది, ఒక కన్నేయండి. మొదట ఏం కొలుస్తామని రిజిస్టర్ చేశారో, ట్రయల్స్ వివరాలు నమోదు చేసే క్లినికల్‌ట్రయల్స్.గవ్ వెబ్‌సైట్‌లో చూసి, పేపర్లో దాన్నే కొలిచారో లేదో పోల్చండి.

ఒక్క విషయంలో మాత్రం ఈ చదువులేవీ వద్దు. ఒక చెవి ఉన్నట్టుండి వినబడడం మానేస్తే గుబిలి అడ్డుపడిందిలే అనుకోకుండా ఆ రోజే ఈఎన్‌టీ డాక్టర్‌కి చూపించండి, స్టెరాయిడ్ ఇవ్వాల్సి వస్తే ఎంత తొందరగా ఇస్తే అంత మంచిది. మిగతా వాటికి పేపర్ ప్రింట్ తీసుకుని డాక్టర్ దగ్గరికి వెళ్ళి, 'ఇందులో చేర్చుకున్నవాళ్ళ సమస్యా నాదీ ఒకటేనా?' అని అడగండి. ఎవరిని చేర్చుకున్నారో, ఎవరిని వద్దన్నారో రాసిన పేరా దగ్గర ముందే గీత గీసి పెట్టుకుంటే డాక్టర్ మీకిచ్చే ఆ కొద్ది నిమిషాల్లోనే సరైన జవాబు వస్తుంది.