పాత జీపు ముందు చక్రం ఆడుతోందా?

విల్లీస్ తరహా పాత ఫోర్ వీల్ జీపు గురించి ఓ చిట్కా. వెనక చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, ముందు చక్రాన్ని జాకీతో లేపి, కింద స్టాండు పెట్టండి. టైరును పైనా కిందా పట్టుకుని ఊపండి. టకటకమంటోందా? ఎవరిచేతనైనా బ్రేకు తొక్కించండి. ఆట ఆగితే లోపం బేరింగుదే, ఆగకపోతే కింగ్‌పిన్నులు (ముందు చక్రం పక్కకు తిరగడానికి ఆధారమయ్యే పిన్నులు) చూసుకోవాలి.

హబ్ (చక్రం నడిమి భాగం) బయటి మూత భాగాలు విప్పి, లాక్ వాషర్ (నట్టు వదులవకుండా పట్టి ఉంచే రేకు) రెక్కను నట్టు మీంచి వెనక్కి వంచి, బయటి నట్టు తీయండి. చక్రం తిప్పుతూ, అది పట్టేసేదాకా లోపలి నట్టు బిగించి, చుట్టులో ఆరో వంతు వెనక్కి తిప్పండి. బయటి నట్టు బిగించాక మళ్లీ ఊపి చూడండి. నేను మొదటిసారి అలా చూడలేదు, బయటి నట్టుతో పాటు లోపలి నట్టు కూడా బిగుసుకుపోయింది! పది కిలోమీటర్లు నడిపాక హబ్ గోరువెచ్చగా ఉంటే చాలు. చెయ్యి పెట్టలేనంత కాలితే మళ్లీ కాస్త వదులు చెయ్యాల్సిందే.