ఎండలు ముదిరేలోపే: లేవగానే కళ్లు తిరిగే పెద్దవాళ్లకు జాగ్రత్తలు

ఏప్రిల్ వచ్చిందంటే వడదెబ్బ గురించి అందరూ చెబుతారు. నీడపట్టున ఇంట్లోనే ఉన్న పెద్దవాళ్లు మంచం దిగుతూ తూలిపడి తుంటి విరగ్గొట్టుకోవడం గురించి చెప్పేవాళ్లు తక్కువ. బీపీ మాత్రలు వేసుకునే పెద్దలున్న ప్రతి ఇంట్లోనూ ఇది తెలిసుండాలి.

లేచి నిలబడగానే అర లీటరు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే రక్తం కాళ్లలోకి, పొట్టలోకి దిగుతుంది. మెడలోని కెరోటిడ్ ధమనిలో, గుండె పైనున్న మహాధమని వంపులో ఒత్తిడిని పసిగట్టే నాడుల కొసలుంటాయి. బీపీ పడిపోతోందన్న కబురు వాటి నుంచి మెదడు కాండంలోని మెడుల్లాకు చేరుతుంది. క్షణాల్లో అది గుండె వేగం పెంచి, రక్తనాళాలను బిగిస్తుంది. వయసు మీదపడినా, ఏళ్ల తరబడి షుగర్‌తో నాడులు దెబ్బతిన్నా ఈ స్పందన మందగిస్తుంది. పైగా ఎండాకాలం చెమటతో ఒంట్లో నీరు తగ్గుతుంది, చర్మంలోని రక్తనాళాలు వెడల్పవుతాయి. రక్తనాళాలను మెడుల్లా బిగించమంటుంటే వేడి వదలమంటుంది. దాంతో బీపీ పడిపోయి కళ్లు తిరుగుతాయి.

ఎక్కువ భయం తెల్లవారుజామున మూత్రానికి లేచినప్పుడే. మెలకువ రాగానే పడుకుని ఉండగానే పాదాలు పైకీ కిందికీ ఆడించాలి. లేచి రెండు నిమిషాలు మంచం అంచున కూర్చోవాలి. పట్టుకుని నిలబడి, కళ్లు మసకబారడం లేదనుకున్నాకే అడుగు వేయాలి. మగవాళ్లయినా రాత్రిపూట కూర్చునే మూత్రం పోసుకోవడం మేలు. బాత్రూమ్ దారిలో లైటు వెలుగుతుండాలి. భోంచేశాక కూడా బీపీ తగ్గుతుంది కాబట్టి చెయ్యి కడుక్కోవడానికి గబుక్కున లేవకూడదు.

ఇంట్లో మిషన్ ఉంటే ఐదు నిమిషాలు పడుకోబెట్టి బీపీ చూడండి. నిలబెట్టి ఒకటో నిమిషంలో, మూడో నిమిషంలో మళ్లీ చూడండి. పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ పడిపోతే ఆ అంకెలు కాగితం మీద రాసి డాక్టరుకు చూపించండి. మూత్రం ఎక్కువగా వచ్చే మాత్రలు, ప్రోస్టేట్ మాత్రలు వాడుతుంటే అదీ చెప్పండి. మోతాదు మార్చాల్సింది డాక్టరే. మీ అంతట మీరు మాత్రలు ఆపొద్దు, అది ఇంకా ప్రమాదం. మజ్జిగ, నీళ్లు దాహం వేయకముందే ఇవ్వండి. గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లకు నీళ్లెంత, ఉప్పెంత అన్నది అడిగి తెలుసుకోండి.

ఎవరైనా పడిపోతే లేపి కూర్చోబెట్టి నోట్లో నీళ్లు పోయడం మనకు అలవాటు. అలా చేయొద్దు. పడుకోబెట్టే ఉంచి, దెబ్బ తగల్లేదని చూసుకుని, కాళ్లు ఎత్తి పట్టుకోండి. నిమిషంలో తేరుకోకపోయినా, ఛాతీ నొప్పి, మాట తడబాటు ఉన్నా, తలకు దెబ్బ తగిలినా 108కి ఫోన్ చేయండి.