ఫొటో నుంచి పటం దాకా – 6వ పాఠం: కాగితం మీద దీపం వెలగాలంటే

ఈ వారం కాగితాల రకాల గురించి చెప్తానన్నాను. అది వచ్చే పాఠానికి జరుపుతున్నాను. కారణం మీరు తెచ్చిన ప్రింట్లు.

పోయిన పాఠంలో అందరికీ ఒకే ఫైలు ఇచ్చాను, మా చెల్లెలు అమెరికాలోని మిన్నెసోటాలో తీసిన స్ప్లిట్ రాక్ లైట్‌హౌస్ ఫొటో. ఎవరికి వాళ్లు ఎడిట్ చేసుకుని 12×18 అంగుళాల ప్రింట్ తీయించుకు రమ్మన్నాను. ఆదివారం హన్మకొండలో మా హాల్లో పదకొండు ప్రింట్లు గోడకు ఆనించి వరసగా చూశాం. ఏడింట్లో కొండ, చెట్లు, ఆకాశం కలిసిపోయి ఒకే నల్ల ముద్ద. మూడు బూడిద పూసినట్టు ఉన్నాయి. ఒక్కదాంట్లోనే దీపం వెలుగుతోంది. క్రాప్ మాత్రం అందరూ బాగా చేశారు, గోపురం పైభాగం ఎవరికీ తెగలేదు. కాబట్టి దాని జోలికి మళ్లీ వెళ్లను.

ఆ ఫొటోలో దీపం ఎందుకు ముఖ్యమో ముందు చెప్పాలి. 1905 నవంబర్‌లో అక్కడి లేక్ సుపీరియర్ అనే పెద్ద సరస్సు మీద వచ్చిన పెద్ద తుఫానులో చాలా ఓడలు దెబ్బతిన్నాయి. ఆ తర్వాత సరస్సు ఒడ్డున దాదాపు 130 అడుగుల నిటారు కొండ అంచున ఈ లైట్‌హౌస్ కట్టారు. 1910లో వెలిగించారు, 1969లో ఆపేశారు. 1975 నవంబర్ 10న ఎడ్మండ్ ఫిట్జ్‌జెరాల్డ్ అనే సరుకు ఓడ అదే సరస్సులో మునిగి, అందులోని 29 మందీ పోయారు. వాళ్ల జ్ఞాపకంగా ఏటా అదే రోజు సంధ్యవేళ ఆ దీపం వెలిగిస్తారు. మా చెల్లెలు చలిలో ఒడ్డున నిలబడి తీసింది ఆ సాయంత్రమే. దీపం వెలగని ప్రింటు చూస్తే కొండ మీద ఏదో ఇటుక కట్టడం అనుకుంటారు, అంతే.

నల్లగా ఎందుకొచ్చింది? ఫోన్ స్క్రీన్ వెనక లైటు ఉంది. కాగితానికి సొంత వెలుతురు లేదు, గదిలో ఉన్నదాన్నే తిప్పి ఇస్తుంది. మీలో ఎక్కువ మంది బ్రైట్‌నెస్ నిండా పెట్టుకుని ఎడిట్ చేశారు. అక్కడ చెట్ల ఆకులు కూడా కనబడ్డాయి కాబట్టి సరిపోయిందనుకున్నారు. ఈ మాట నేను పోయిన పాఠంలోనే చెప్పాల్సింది.

నేను చేసే పద్ధతి ఇది. ఆటో బ్రైట్‌నెస్, నైట్ మోడ్ రెండూ ఆపేస్తాను. ట్యూబ్‌లైటు కింద కూర్చుని, స్క్రీన్ పక్కన ఒక తెల్ల కాగితం పెడతాను. స్క్రీన్ మీద ఖాళీ తెల్ల పేజీ తెరిచి, రెండు తెలుపులూ ఒకేలా కనబడేదాకా బ్రైట్‌నెస్ తగ్గిస్తాను. నా ల్యాప్‌టాప్‌లో అది మూడో వంతు దగ్గర ఆగుతుంది. ఇప్పుడు ఫొటో తెరవండి. మీ ప్రింటు ఎంత నల్లగా వచ్చిందో స్క్రీన్ మీద కూడా ఇంచుమించు అంతే కనబడుతుంది.

ఇక్కడ ఎడిటింగ్ యాప్‌లో ఉండే బ్రైట్‌నెస్ స్లయిడర్ ముట్టుకోకండి. కాగితం మీద అన్నిటికంటే తెల్లనిది కాగితమే, దీపం దాన్ని దాటి పోలేదు. స్లయిడర్ జరిపితే ఆకాశం తెల్లబడుతుంది, దీపం ఉన్నచోటే ఉంటుంది. రెండింటి మధ్య తేడా తగ్గగానే దీపం చచ్చిపోతుంది. స్నాప్‌సీడ్, గింప్ లాంటి ఎడిటింగ్ యాప్‌లో కర్వ్స్ (వెలుతురును ఒక గీత వంచి మార్చే పనిముట్టు) తెరిచి, ఆ గీత మీద నడిమి కంటే కొంచెం కింద ఒక చుక్క పెట్టి పైకి లాగండి. కొండ, చెట్లు విడివిడిగా తేలతాయి. కుడివైపు పై కొసను కదపకండి. ఆకాశం మరీ తెల్లబడితే ఇంకో చుక్క పెట్టి కిందికి దించండి. దీపం చుట్టూ కొద్దిగా పసుపు ఉంచడం నాకిష్టం. పూర్తి తెలుపైతే కాగితానికి చిల్లు పడినట్టుంటుంది.

ఇక ఆ మూడు బూడిద ప్రింట్లు. వాటి ఫైళ్లు తెరిచి చూశాను, ఎడిటింగ్‌లో తప్పేమీ లేదు. వాటిని పాడుచేసింది ఫొటో ల్యాబ్‌లో ప్రింటింగ్ మెషిన్ తనంతట తాను చేసే ఆటో కరెక్షన్. దీని మీద నాకు చాలా ఏళ్లుగా కోపం ఉంది, కాబట్టి వివరంగా చెప్తాను.

మెషిన్ ఫొటో మొత్తం సగటు వెలుతురు చూస్తుంది. చీకటిగా ఉంటే తీసినవాళ్లు తప్పు చేశారనుకుని నడిమికి లాగుతుంది. పెళ్లి ఆల్బమ్‌కు ఇది మేలే, వందల ఫొటోల్లో మొహాలు కనబడాలి. కానీ సంధ్యవేళ ఫొటో చీకటిగానే ఉండాలి. వేయిస్తంభాల గుడి దగ్గర రాత్రి బతుకమ్మ ఫొటో ఇచ్చి చూడండి. వెనక నల్లరాయి సిమెంటు రంగుకొస్తుంది, ఆకాశంలో ఇసుక చల్లినట్టు చుక్కలు తేలతాయి, దీపాలు వెలవెలబోతాయి. పద్మాక్షి గుట్ట దగ్గర నిమజ్జనం ఫొటో అయినా అంతే. మేడారం జాతర రాత్రి ఫొటో అయినా అంతే. ఇది తెల్లనివాటినీ వదలదు. ఎనుమాముల మార్కెట్లో ఫ్రేము నిండా పత్తి కుప్ప తీస్తే, మరీ వెలుతురుందని దాన్ని కిందికి లాగి మురికి పత్తిని చేస్తుంది. ఒకసారి నా పత్తి ఫొటో 16×24 సైజులో అలాగే పోయింది. ఆ ల్యాబ్‌లో డబ్బులు తిరిగి ఇవ్వలేదు.

కౌంటర్ దగ్గర ఇలా అడగండి: "అన్నా, కరెక్షన్ చేయొద్దు, ఫైల్ ఎట్లుందో అట్లనే తియ్యి." "నల్లగ వస్తది, మళ్ల నన్ను అనొద్దు" అంటాడు. "అననన్నా, నాదే బాధ్యత" అని చెప్పి, కవర్ మీద కూడా రాయించండి. కౌంటర్ దగ్గర ఉండేది ఒకరు, మెషిన్ మీద కూర్చునేది ఇంకొకరు. ఫైలు ఎస్‌ఆర్‌జీబీ (మామూలుగా వాడే రంగుల పద్ధతి) జేపెగ్‌గానే ఇవ్వండి.

ల్యాబ్ వాళ్లు మన మాట విన్నారో లేదో తెలుసుకోవడానికి నేనొక పట్టీ వాడతాను. నలుపు నుంచి తెలుపు దాకా పది గడులు ఒక్కసారి తయారుచేసి పెట్టుకుని, ప్రింటుకిచ్చే ప్రతి ఫైలు అంచునా అతికిస్తాను. పాత ప్రింటు మీది పట్టీని కొత్తదాని పక్కన పెడతాను. గడులు మారాయంటే మెషిన్ చెయ్యి పెట్టిందన్నమాట. కొన్ని మెషిన్లు ప్రింటు వెనక సన్నటి అక్షరాల్లో నాలుగు ఎన్‌లు ముద్రిస్తాయి, కరెక్షన్ లేదని దానర్థం. తిప్పి చూడండి.

గ్లాసీ (మెరిసే) కాగితం తీసుకోకండి, ట్యూబ్‌లైటు నీడ సరిగ్గా దీపం మీదే పడుతుంది. మెరుపు లేని మ్యాట్ చాలు. పటం కట్టించే సంగతి తర్వాత చూద్దాం.

అభ్యాసం: ఒక 12×18 షీట్‌లో తొమ్మిది 4×6లు సరిగ్గా పడతాయి. లైట్‌హౌస్ ఫొటోనే తొమ్మిదిసార్లు పేర్చండి. ఒకటోది అసలు ఫైలు, రెండోదాని నుంచి కర్వ్‌లో నడిమి చుక్కను ఒక్కో మెట్టు పైకి జరుపుతూ పోండి. మూలన 1 నుంచి 9 దాకా నంబర్లు, షీట్ కింది అంచున ఫొటోల మీదే సన్నగా పట్టీ పెట్టండి. కరెక్షన్ లేకుండా తీయించి, పటం వేలాడదీయబోయే గోడకే అతికించండి. మూడు రోజులపాటు పొద్దున కిటికీ వెలుతురులో, రాత్రి ట్యూబ్‌లైటు కింద, తర్వాత ఒక్క బెడ్‌లైటుతో చూసి, ప్రతిసారీ ఏ నంబరులో దీపం వెలుగుతోందో రాసుకోండి. తొమ్మిది గుర్తులూ ఒకే నంబరుకు రావు. ఎక్కువసార్లు వచ్చిన నంబరు ఫైలునే 12×18 తీయించి, ఆదివారం పాత ప్రింటుతో కలిపి తీసుకురండి.