గ్లోబు, బటర్ పేపరు, కత్తెర: గోండ్వానాను ఇంట్లో అతికించడం ఎలా?

దక్షిణపు ఖండాలు ఒకప్పుడు గోండ్వానా అనే ఒకే పెద్ద ఖండంగా ఉండేవని, తర్వాత విడిపోయి కదిలాయని చెబితే పిల్లలు తలూపుతారు గానీ నమ్మరు. చేత్తో అతికించి చూస్తే నమ్ముతారు. మా అమ్మాయితో నేను అలాగే చేయించాను.

గోడ మ్యాపు వద్దు, అందులో అంటార్కిటికా కింద చాపలా పరుచుకుని ఉంటుంది. గ్లోబు మీద బటర్ పేపరు పెట్టి దక్షిణ అమెరికా, ఆఫ్రికా, మడగాస్కర్, ఇండియా, ఆస్ట్రేలియా, అంటార్కిటికా గీసి, అట్టకు అంటించి కత్తిరించండి. అందరూ పొరపాటు చేసేది ఇక్కడే: ఒడ్డు గీత మీద కత్తిరించకూడదు. సముద్రమట్టం పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది కాబట్టి ఖండం అసలు అంచు నీళ్ళ కింద ఉంటుంది, గ్లోబు మీద లేత నీలం ఎక్కడ ముదురు నీలంగా మారుతుందో అక్కడ కత్తెర పెట్టండి. 1965లో భూభౌతిక శాస్త్రవేత్త బుల్లార్డ్ బృందం కంప్యూటరుతో అతికించినప్పుడు కూడా దాదాపు 900 మీటర్ల లోతున ఉన్న అంచునే తీసుకుంది.

ముందు బ్రెజిల్ మూపును గినీ సింధుశాఖలో దూర్చండి. మడగాస్కర్‌ను కెన్యా, టాంజానియా పక్కకు చేర్చి, దాని తూర్పు అంచుకు మన పడమటి తీరాన్ని ఆనించండి. మన తూర్పు తీరం అంటార్కిటికాకు తగలాలి, అవును, తూర్పు కనుమల రాళ్ళకు జోడీ రాళ్ళు అక్కడ ఉన్నాయి! ఆస్ట్రేలియా దక్షిణపు ఒడ్డు కూడా అంటార్కిటికాకే.

ఇప్పుడు ఆకుపచ్చ స్కెచ్ పెన్నుతో ఆరు ముక్కల మీదుగా ఒకటే పట్టీ గీయండి. అది గ్లాసాప్టెరిస్ చెట్ల అడవి. 25 కోట్ల ఏళ్ళకు పైబడిన ఆ అడవి మన దగ్గర సింగరేణి బొగ్గుగా మిగిలింది. సముద్రం దాటలేని చెట్టు ఇన్ని ఖండాల్లో ఎలా దొరుకుతుందని 1912లోనే జర్మన్ శాస్త్రవేత్త వెజినర్ అడిగాడు, కానీ ఖండాలను ఏది కదిలిస్తుందో సరిగ్గా చెప్పలేకపోయాడు, అందుకే చాలామంది ఒప్పుకోలేదు.

ముక్కల్ని విడదీసే ముందు ఒకటి చెప్పండి: ఖండాలు నీళ్ళ మీద తేలే పడవలు కావు. ఖండాన్ని మోసే పెద్ద రాతి పలకను ప్లేటు అంటారు, సముద్రపు అడుగు కూడా ఆ ప్లేటులో భాగమే. ఇండియాకూ ఆసియాకూ మధ్య అప్పట్లో ఉన్న టెథిస్ సముద్రపు అడుగు చల్లబడి బరువెక్కి ఆసియా కిందికి దిగుతూ, తనతోపాటు ఇండియాను ఉత్తరానికి లాక్కెళ్ళింది. ఇండియా అంటార్కిటికా నుంచి సుమారు 13 కోట్ల ఏళ్ళ కిందట, మడగాస్కర్ నుంచి 8.8 కోట్ల ఏళ్ళ కిందట ఊడింది. ఆసియాను గుద్దుకున్నది దాదాపు 5 కోట్ల ఏళ్ళ కిందట.

ఆ గుద్దుడు చూపించడానికి తడి తువ్వాలు చాలు. ఒక చివర గోడకు ఆనించి రెండో చివర మెల్లగా నెట్టండి, లేచే మడతలే హిమాలయాలు. ఒకప్పుడు సముద్రం అడుగున పేరుకున్న సున్నపురాయి ఇప్పుడు ఎవరెస్టు కొన మీద ఉంది. నెట్టుడు ఇంకా ఆగలేదు, ఏడాదికి సుమారు 5 సెంటీమీటర్లు. పిల్లల వయసును ఐదుతో గుణించి, అన్ని సెంటీమీటర్లు టేపుతో నేల మీద కొలవమనండి. వాళ్ళు పుట్టాక మన నేల జరిగిన దూరం అదే.