బ్రిటన్‌లో పీజీ వాళ్లకు వేసవి సెలవులు లేవు

మన దగ్గర పీజీ అంటే డిగ్రీ తర్వాతి చదువు, అంతే. అమెరికాలో దాన్నే గ్రాడ్ స్కూల్ అంటారు. బ్రిటన్‌లో గ్రాడ్యుయేట్ అంటే డిగ్రీ పూర్తయినవాడు. మాస్టర్స్ చదువుతున్న మీరు పోస్ట్‌గ్రాడ్యుయేట్. అందులోనూ క్లాసులతో నడిచేది టాట్, పరిశోధనతో నడిచేది రీసెర్చ్. మనవాళ్లు ఎక్కువమంది టాట్‌కే వస్తారు. సిమ్ కార్డు, బ్యాంకు ఖాతా గురించి మీ సీనియర్లు ఎలాగూ చెప్తారు. నా బెంగ వేరే.

నిరుడు జూన్‌లో మా పై గదిలో ఉండే కుర్రాడు గోదాంలో వారానికి 40 గంటల షిఫ్టులు ఒప్పుకున్నాడు. "సమ్మర్ వెకేషన్ కదన్నా" అంటూ యూనివర్సిటీ సైట్‌లో తేదీలు కూడా చూపించాడు. అవి డిగ్రీ పిల్లల తేదీలు నాయనా! టాట్ మాస్టర్స్‌కు 180 క్రెడిట్లు. చాలా కోర్సుల్లో అందులో 60 డిసర్టేషన్‌వే, అంటే కోర్సు చివర్లో రాసిచ్చే పెద్ద వ్యాసానివి, అది రాసేది వేసవిలోనే. క్లాసులుండవు, క్యాంపస్ ఖాళీగా ఉంటుంది, అయినా వీసా లెక్కలో అది టర్మే. టర్మ్‌లో పని వారానికి 20 గంటలు దాటకూడదు. వారమంటే సోమవారం నుంచి ఆదివారం దాకా. ఈ వారం 12 చేశాను, వచ్చే వారం 28 చేస్తానంటే కుదరదు. రెండు చోట్ల చేస్తే రెండూ కలిపి 20. మేనేజర్ పర్లేదన్నాడని నాకు చెప్పకండి. పోయేది ఆయన వీసా కాదు.

పోస్ట్‌గ్రాడ్యుయేట్ టాట్ వాళ్లకు సెలవు తేదీలేవో ఇంటర్నేషనల్ ఆఫీసుకు మెయిల్ పెట్టి అడగండి, జవాబు దాచుకోండి. ఎన్నిసార్లు చెప్పినా వాట్సాప్ గ్రూపులోనే అడుగుతారేమిటో!

భార్యనో భర్తనో తెచ్చుకుందామనుకునేవాళ్లకూ ఈ తేడానే ముఖ్యం. 2024 జనవరి నుంచి మొదలైన టాట్ కోర్సులకు డిపెండెంట్ వీసా లేదు, ప్రభుత్వ స్కాలర్‌షిప్‌తో వచ్చినవాళ్ల సంగతి వేరు. పీహెచ్‌డీలాంటి రీసెర్చ్ కోర్సులకు ఉంది. కోర్సులో రీసెర్చ్ మెథడ్స్ అనే పేపరు ఉన్నంత మాత్రాన అది రీసెర్చ్ కోర్సు అయిపోదు, కన్సల్టెన్సీ వాళ్లు ఏం చెప్పినా సరే.

ఇక మార్కులు. నా మొదటి చలికాలం గోడలకు బూజు పట్టిన గదిలో గడిచింది. దానికి తోడు మొదటి ఎస్సేకి 61 వచ్చింది. ఇంటర్‌లో తొంభై శాతం దాటినవాణ్ణి, ఆ అంకె ఇంట్లో చెప్పడానికి నోరు రాలేదు. తర్వాత తెలిసింది, ఇక్కడ మాస్టర్స్‌లో మామూలుగా పాస్ 50, మెరిట్ 60, డిస్టింక్షన్ 70. అంటే అది మంచి మార్కే.

సరే, ఇంత భయపెట్టాక ఒక మంచి మాట కూడా చెప్పాలి కదా. మీ క్యాస్‌లో, అంటే వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చిన ధృవీకరణలో, కోర్సు ముగింపు తేదీ ఉంటుంది. డిసర్టేషన్ ముందే ఇచ్చేసినా ఆ తేదీ వరకు ఆగాల్సిందే. అది దాటాక ఫుల్‌టైమ్ చేసుకోవచ్చు. ఏడాది కోర్సైతే వీసా సాధారణంగా ఇంకో నాలుగు నెలలు మిగిలే ఉంటుంది. అప్పుడు ఎన్ని షిఫ్టులైనా చేసుకోండి, నేను అడ్డం రాను. గోదాంలో రాత్రిపూట వణుకుతారు, లోపల థర్మల్స్ వేసుకుని వెళ్లండి.