కాపరి బొమ్మ – 4వ పాఠం: అతుకు, లప్పం, సుద్ద, కన్ను

మూడో పాఠం అయ్యేసరికి మీ దగ్గర ఎనిమిది అంగుళాల పొనికి కర్ర మొండెం, విడిగా రెండు చేతులు ఉండాలి. కుడి పిడికిట్లో దుడ్డుకర్రకు రంధ్రం కూడా పడి ఉండాలి. వాటిని ఇప్పుడే అతికించకండి. వంటింటి డిజిటల్ తక్కెడ మీద మొండేన్ని తూచి, బరువు రాసుకోండి. మూడు రోజులు వరుసగా అదే బరువు చూపిస్తేనే కర్ర ఆరినట్టు. బరువు తగ్గుతూ ఉంటే లోపల ఇంకా చెమ్మ ఉందని అర్థం. చెమ్మ కర్ర మీద లప్పం (రంపపు పొట్టు, చింతగింజల బంక కలిపిన ముద్ద) పెడితే, తర్వాత కర్ర ముడుచుకుంటుంది, లప్పం ముడుచుకోదు. నెల తిరిగేసరికి భుజం చుట్టూ వెంట్రుకంత పగులు కనిపిస్తుంది. దాన్ని ఎంత రంగుతో పూడ్చినా మళ్లీ తేలుతుంది.

చేతులు విడిగా ఎందుకని కొందరు అడిగారు. మొండెంలో కర్ర నార నిలువుగా ఉంటుంది. ముందుకు చాచిన చేతిని అదే దిమ్మెలో చెక్కితే నార చేతికి అడ్డంగా వస్తుంది. పొనికి తేలిక, మెత్తన. చెయ్యి మోచేతి దగ్గర పుటుక్కున విరుగుతుంది. నిర్మల్ కొయ్యబొమ్మల పనిలో కూడా భాగాలను వేరువేరుగా చెక్కి, లప్పంతో కలుపుతారు.

అతుకు: భుజంలోనూ చేతిలోనూ 2 మి.మీ. రంధ్రం, అర అంగుళం లోతు. అందులో అంగుళం వెదురు పుల్ల, కొంచెం ఫెవికాల్. పుల్ల లోపలికి ఒత్తేటప్పుడు ఫెవికాల్ బయటికి పొంగితే తడిగుడ్డతో వెంటనే తుడవాలి. ఆ మరక మీద లప్పం పట్టదు.

ఇక చింతగింజల బంక. ఈ పాఠమంతా దీని మీదే నిలబడుతుంది. 100 గ్రాముల గింజలను ఉత్త మూకుడులో పది నిమిషాలు వేయించి, దంచితే గోధుమరంగు పొట్టు ఊడిపోతుంది. 65, 70 గ్రాముల తెల్లటి పప్పు మిగులుతుంది. పొట్టు పూర్తిగా పోవాలి, లేకపోతే బంక ఎర్రబారి సుద్ద కిందినుంచి మరకలు తేలతాయి. పప్పును రాత్రంతా నానబెట్టి, పొద్దున మెత్తగా రుబ్బి, అర లీటరు నీళ్లలో సన్న మంట మీద 20 నిమిషాలు కలుపుతూ ఉడికించండి. జొన్న అంబలి కన్నా చిక్కగా, గట్క కన్నా పలచగా దిగాలి. ఉండలు కడితే గుడ్డలో వడగట్టండి. ఒక్కరోజు దాటితే పులిసిపోతుంది. నిలవ ఉండాలంటే చిటికెడు మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) కలపాలి, పురుగు కూడా పట్టదు. అయితే అది విషం. అది కలిపిన గిన్నె మళ్లీ వంటకు వాడొద్దు, పిల్లలకు అందనివ్వొద్దు.

పిండిజల్లెడలో జల్లించిన రంపపు పొట్టు రెండు పాళ్లు, బంక ఒక పాలు వేసి రొట్టెపిండిలా పిసికితే లప్పం. సామిల్లులో టేకు పొట్టు ఉచితంగా దొరుకుతుంది గానీ దాని నూనె వల్ల పట్టు తక్కువ. మీరు చెక్కగా రాలిన పొనికి పొట్టునే దాచుకుని ఉంటే అదే మేలు. అతుకు చుట్టూ ముందు పాత నూలు గుడ్డ పీలికను బంకలో ముంచి అంటించి, దాని మీద లప్పం రాయండి. ఒక్కో పూత రూపాయి బిళ్ల మందం దాటకూడదు. తలపాగా లావుగా కావాలంటే మూడు పూతల్లో పెంచండి.

ఆరబెట్టడం నీడలోనే. ఎండలో పెడితే పైపొర ముందు గట్టిపడుతుంది, లోపలి తడి ఆలస్యంగా ముడుచుకుంటుంది, పైన నెర్రెలు పడతాయి. ఎండాకాలం ఒక రోజు, వానాకాలం మూడు రోజులు. ముసురు పట్టినప్పుడు 60 వాట్ల పాత రకం బల్బు కింద, అడుగు దూరంలో ఉంచండి.

గొంగడికి లప్పం వద్దు. చాలామంది రొట్టెలా ఒత్తి భుజం మీద కప్పుతారు, అంచులు విరుగుతాయి. నూలు గుడ్డనే బంకలో ముంచి, పిండి, భుజం మీద వేసి వేళ్లతో మడతలు సర్దండి. ఆరితే రేకులా నిలుస్తుంది.

తర్వాత సుద్ద. 50 గ్రాముల తుమ్మబంక 200 మి.లీ. నీళ్లలో రాత్రంతా నానబెట్టి వడగట్టాలి. ఆ నీళ్లు ఒక పాలు, సుద్దపొడి రెండు పాళ్లు. పలచగా నాలుగు పూతలు, మధ్యలో పూర్తిగా ఆరనిస్తూ. ఆరిన పూతను వేలితో రుద్దితే తెల్లగా అంటుతోందంటే బంక తక్కువ. పెంకులుగా లేస్తోందంటే బంక ఎక్కువ, అది గీకి మళ్లీ వేయాల్సిందే. చివర 220 నంబరు గరుకు కాగితంతో మెల్లగా రుద్దండి.

ఇంగిలీకం, హరిదళం అన్న పేర్లు పాత నకాషీల (చేర్యాల పటాలు, బొమ్మలు చేసే కళాకారుల) పనిలో వింటారు. మొదటిది పాదరసం, రెండోది ఆర్సెనిక్ కలిసినవి. ఇంట్లోకి తేవొద్దు. ఒంటికి జాజు (ఎర్రమట్టి రంగు) రెండు పాళ్లు, పసుపు పోస్టర్ రంగు ఒకటి, తెలుపు ఒకటి చాలు. జాజులో కాస్త తుమ్మబంక నీళ్లు కలపకపోతే చేతికి అంటుతుంది. గొంగడికి నలుపు.

కన్ను దగ్గర నెమ్మదించండి. చేర్యాలలో మందెచ్చులవాళ్ల (బొమ్మలతో కథ చెప్పేవాళ్ల) కోసం చేసే బొమ్మలు, గొల్లల వీరగాథ అయిన కాటమరాజు కథ చెప్పేటప్పుడు జనం ముందు నిలబడేవి. దూరంనుంచి చూసేవాళ్లకు చూపు అందాలి కాబట్టే అక్కడ కన్ను అంత పెద్దది, గీత అంత చిక్కన. మన బొమ్మ ముఖం అంగుళంపావు వెడల్పు. ఒక్కో కన్ను పావు అంగుళం కన్నా కొంచెం ఎక్కువ, రెంటి మధ్య ఒక కన్ను ఎడం. ముందు రెండు కళ్లకూ చేప ఆకారంలో తెలుపు. ఆరాక ఒకటో నంబరు కుంచెతో రెండు పై రెప్పలూ, తర్వాత రెండు కింది రెప్పలూ, చివర రెండు నల్లగుడ్లూ. ఒక కన్ను పూర్తిచేసి రెండోదానికి పోతే ఎప్పుడూ కుదరదు. పై రెప్ప గీత కింది దానికన్నా రెండింతలు లావు. నల్లగుడ్డు పై రెప్పకు తాకాలి. చుట్టూ తెలుపు కనిపించిందంటే కాపరి బెదిరినట్టుంటాడు. జత కుదిరిందో లేదో బొమ్మను తలకిందులుగా పట్టి చూడండి, తేడా ఇట్టే దొరుకుతుంది.

బొమ్మ మీద గీసే ముందు సుద్ద పూసిన చెక్కముక్క మీద ఇరవై జతలు గీయండి. ఆ ముక్కను దాచి ఉంచండి, వచ్చే పాఠంలో మీసానికి, తలపాగా అంచుకు దాని మీదే చెయ్యి తిప్పాలి. వార్నిష్ అప్పుడే.